చెక్కేసిన ముఖాలకు ఫ్లాష్ ఎలా కొట్టాలి?

నాగావళి_ఒడ్డు

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప రాయడం తక్కువ. ఈమధ్య ఒక పిచ్చి పట్టింది. మనుషులు కావాలని పాడుచేసిన బొమ్మలు, చెక్కేసిన ముఖాలు, గీకేసిన పేర్లు ఫొటోలు తీసి ఒకచోట పెట్టాలని. అందమైన శిల్పాన్ని అందరూ తీస్తారు. దెబ్బ తగిలిన చోట ఫోకస్ పెట్టేవాళ్లు పెద్దగా కనపడలేదు.

సమస్యల్లా ఒకటే, నా ఫొటోల్లో ఆ దెబ్బే కనపడదు. కొత్తగా స్పీడ్‌లైట్ (కెమెరా మీద బిగించే ఫ్లాష్) కొన్నాను. కెమెరా నెత్తిన పెట్టి కొడితే రాయంతా సున్నం వేసిన గోడలా వస్తోంది. కంటికి కనిపించే ఉలి గాట్లు ఫొటోలో మాయం. టీటీఎల్‌లో (ఫ్లాష్ తనే పవర్ లెక్కగట్టుకునే మోడ్) పెట్టినా, పవర్ తగ్గించినా అంతే. ఫ్లాష్‌లో నేను ఇంకా ఎల్‌కేజీ. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

అలాగే చరిత్ర తెలిసినవాళ్లు ఏవి చూడాలో చెప్పండి. వచ్చే ఏడాది యూరప్‌లో ఉన్న అక్కావాళ్ల ఇంటికి వెళ్లే ఆలోచన ఉంది, కాబట్టి మన దగ్గరివే కానక్కర్లేదు.

స్ట్రోబ్_శీను

తమ్ముడూ, ముందు ఆ ఫ్లాష్‌ని కెమెరా మీంచి దించు. సగం పాఠం అదే.

లెన్సు చూసే వైపు నుంచే లైటు వెళ్తే నీడ వస్తువు వెనకాల పడుతుంది. అది నీకు కనపడదు. నీడ లేకపోతే గాటు లేదు. మేం పెళ్లిళ్లలో ముఖం మీద గుంటలు కనపడకుండా చేసే పనే అది. నీకు కావాల్సింది దానికి పూర్తిగా వ్యతిరేకం, ప్రతి గుంటా కనపడాలి.

ఫ్లాష్‌ని దూరం నుంచి కొట్టించే రేడియో ట్రిగ్గర్ ఒకటి కొనుక్కో, ఫ్లాష్ ధరతో పోలిస్తే అదేం పెద్ద ఖర్చు కాదు. కెమెరాని రాయికి ఎదురుగా నిలబెట్టు. ఫ్లాష్‌ని పక్కకు తీసుకెళ్లి, కాంతి రాయి మీద రాసుకుంటూ పోయేలా పెట్టు. రాయి తలం నుంచి 15, 20 డిగ్రీలు చాలు. గొడుగు, సాఫ్ట్‌బాక్స్ ఏమీ వద్దు. మెత్తటి లైటు గాటు అంచుని మింగేస్తుంది. ఉత్త బల్బే కావాలి.

టీటీఎల్ ఆపెయ్. మాన్యువల్‌లో 1/4 పవర్‌తో మొదలుపెట్టు. కెమెరా ఐఎస్ఓ (కాంతికి సున్నితత్వం) 100, షటర్ 1/200 సెకను, ఎపర్చర్ (లెన్సు రంధ్రం) ఎఫ్ 8. ఫ్లాష్ వెయ్యకుండా ఒకటి తీసి చూడు. ఫొటో నల్లగా వస్తే చుట్టూ ఉన్న వెలుతురు నీ లెక్కలో లేనట్టే. అప్పుడు ఫ్లాష్ వేసి తీస్తే వచ్చే ప్రతి నీడా నువ్వు పెట్టిందే. ఎర్రటెండలో మాత్రం ఇది కుదరదు. ఎఫ్ 16 కూడా దాటి పోవాలి, అక్కడ చిన్న ఫ్లాష్ చేతులెత్తేస్తుంది. పొద్దున్నే వెళ్లు, లేదా నీడ పట్టున ఉన్న రాయి చూసుకో.

పాతరీలు

శీను చెప్పింది నిజమే గానీ, ఫ్లాష్ కొనకముందే నేర్చుకోవాల్సింది ఇది. రాత్రి గదిలో దీపాలు ఆర్పేసి, ఒక రూపాయి బిళ్లకి పక్క నుంచి టార్చి వెయ్యండి. టార్చి కిందికి దించేకొద్దీ అక్షరాలు ఎలా లేస్తాయో చూడండి. ఫ్లాష్ 1/1000 సెకనులో చేసి పోయేదాన్ని టార్చి నిలబెట్టి చూపిస్తుంది.

ఊరికే ఒక సంగతి. స్కాట్లండ్ ఖగోళ శాస్త్రజ్ఞుడు పియాజీ స్మిత్ 1865లో గిజా పెద్ద పిరమిడ్ లోపల మెగ్నీషియం కాల్చి ఆ వెలుగులో ఫొటోలు తీశాడు. ఒకటి తీస్తే పొగ కమ్మేసేది. ఫ్లాష్ పౌడర్ వచ్చింది 1887లో, జర్మనీలో. మీ చేతిలో ఉన్నది పొగ రాని మెగ్నీషియం, అంతే.

నాగావళి_ఒడ్డు

శీనన్నా, థాంక్స్. ట్రిగ్గర్ వచ్చింది. మా ఊరి శివార్లలో, పూజ లేని పాత మండపంలో ప్రయత్నించాను. గాట్లు లేచాయి! కానీ ఫ్లాష్ ఉన్న వైపు రాయి తెల్లగా కాలిపోయింది, అవతలి అంచు చీకటి. పవర్ ఎంత మార్చినా రెండూ కలవట్లేదు.

స్ట్రోబ్_శీను

పవర్ మారిస్తే రెండు వైపులూ కలిసే పెరుగుతాయి, కలిసే తగ్గుతాయి. మార్చాల్సింది దూరం.

దూరం రెండింతలైతే లైటు నాలుగో వంతవుతుంది, మూడింతలైతే తొమ్మిదో వంతు. నీ రాయి మీటరు వెడల్పు అనుకో. దగ్గరి అంచుకి అర మీటరులో ఫ్లాష్ పెట్టావు. అవతలి అంచుకి మీటరున్నర. మూడింతల దూరం, అంటే ఇటు తొమ్మిదొస్తే అటు ఒకటి. మూడు స్టాపుల పైమాటే (ఒక స్టాపు అంటే లైటు రెండింతలు). అదే ఫ్లాష్‌ని మూడు మీటర్ల దూరానికి లాగు. దగ్గరి అంచు 3, దూరపు అంచు 4. తేడా ఒక స్టాపు కూడా ఉండదు.

వెనక్కి లాగితే పవర్ చాలుతుందా అంటావు. దానికే గైడ్ నంబర్. ఆ నంబర్‌ని ఎపర్చర్‌తో భాగిస్తే ఫుల్ పవర్‌లో ఎంత దూరం కొడుతుందో వస్తుంది. 36 అనుకుంటే ఎఫ్ 8 దగ్గర నాలుగున్నర మీటర్లు, సరిపోతుంది. డబ్బా మీద 60 అని వేస్తారు చూడు, అది తలని 200 ఎంఎంకి జూమ్ చేసి ఐఎస్ఓ 100 దగ్గర కొలిచింది. దాన్ని నమ్ముకుని 35 ఎంఎం లెక్క వెయ్యకు. నీ పనికి ఎలాగూ తలని 105కి జూమ్ చేసుకోవచ్చు, లైటు వృథా పోదు.

అవతలి వైపు నీడలు మరీ బొగ్గుల్లా ఉంటే తెల్ల థర్మోకోల్ షీట్ ఒకటి నిలబెట్టు. స్టాండు అవసరం లేదు, బామ్మర్దిని తీసుకెళ్లు. మాట వినే లైట్ స్టాండ్.

కాలువగట్టు

నేను ఉండేది నెదర్లాండ్స్‌లో, ఉట్రెక్ట్. యూరప్ వస్తే మా ఊరి డోమ్ చర్చి వదలొద్దు. మీ ఆల్బమ్ కోసమే ఉన్నట్టుంటుంది.

లోపల ఒక రాతి శిల్పం, గోడకి బిగించిన బలిపీఠం పలక. సెయింట్ ఆన్, మేరీ, బాల క్రీస్తు, చుట్టూ మనుషులు. బట్టల మడతలు, వాటి మీద రంగులు చాలావరకు అలాగే ఉన్నాయి. ముఖాలు మాత్రం ఒక్కొక్కటీ నిలువునా చెక్కేశారు. కోపంతో సుత్తి విసిరినట్టు ఉండదు. నెమ్మదిగా, వరసగా, ముఖం మందం మాత్రమే తీసేసినట్టు ఉంటుంది. అది 16వ శతాబ్దపు పని. తర్వాత దాని ముందు గోడ కట్టేయడంతో అందరూ మరిచిపోయారు. 1919లో గోడ తీస్తే బయటపడింది. గోడ వెనక ఉండబట్టే రంగులు మిగిలాయి.

ఇక్కడ చర్చిల్లో బొమ్మలు పగలగొట్టడం 1566 ఆగస్టులో, ఇప్పుడు ఫ్రాన్స్‌లో ఉన్న స్టీన్‌వోర్డ్ అనే చిన్న ఊళ్లో మొదలైంది. పది రోజుల్లో ఆంట్వెర్ప్ చేరింది. చర్చిలో బొమ్మలు పెట్టుకోవడం విగ్రహారాధన అని, కాల్విన్ అనే క్రైస్తవ సంస్కర్త బాటలో నడిచే బోధకులు చెప్పేవాళ్లు. దానికి తోడు ఆ ఏడాది తిండిగింజల ధర, స్పెయిన్ రాజు మీద కోపం. అన్నీ కలిసి చర్చిల మీద పడ్డాయి. అందరూ అలా గుంపులుగా పడలేదు. జూరిక్‌లో 1524లో నగర కౌన్సిలే ఉత్తర్వు ఇచ్చింది. తలుపులు మూసి, వడ్రంగులని, తాపీ మేస్త్రీలని పెట్టి బొమ్మలు దింపించింది. రసీదు రాసుకుని బద్దలుకొట్టడం అన్నమాట!

డోమ్ దగ్గరకి వచ్చాక ఇంకోటి కూడా గమనించండి. గోపురానికీ చర్చికీ మధ్య ఖాళీ మైదానం ఉంటుంది. అది విగ్రహాలు పగలగొట్టినవాళ్ల పని కాదు. 1674లో గాలివాన వచ్చి చర్చి నడిమి భాగం కూలింది. టూరిస్టులు రెండూ కలిపేసి చెప్పుకుంటారు.

గంటస్తంభం

అంత దూరం ఎందుకండీ. మన దగ్గర ప్రతి గుడిలో చేతులు విరిగిన బొమ్మలే. ఎవరు విరగ్గొట్టారో చిన్నపిల్లాడిని అడిగినా చెప్తాడు. ఆ మాట రాయడానికి మాత్రం అందరికీ మొహమాటం.

దీపాలదిన్నె

చిన్నపిల్లాడిని అడగొద్దు, రాయిని అడుగుదాం. మాది గుంటూరు వైపు కాబట్టి అమరావతి సంగతి చెప్తాను.

నా పేరు పెట్టుకున్న దిబ్బే అది. ఊళ్లోవాళ్లు దీపాలదిన్నె అనేవారు. దాని కింద రెండు వేల ఏళ్లనాటి మహాస్తూపం ఉందని ఎవరికీ గుర్తులేదు. 18వ శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి నుంచి ఇక్కడికి మకాం మార్చి కొత్త ఊరు కట్టిస్తున్నాడు. ఊరికి రాళ్లు కావాలి. దిబ్బ తవ్వితే చక్కగా చదును చేసిన పలకలు! మెట్లకీ, గోడలకీ పోయాయి. మిగిలినవాటిలో కొన్నింటిని కాల్చి సున్నం చేశారు. పాలరాయి అని పిలుస్తారు గానీ అది పల్నాటి సున్నపురాయి, బట్టీలో వేస్తే సున్నమే అవుతుంది.

ఇక్కడ బుద్ధుడి మీద ఎవరికీ కోపం లేదు. మతం మాటే లేదు. రాయి దొరికింది, వాడుకున్నారు.

ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ 1798లో వచ్చి చూశాడు. 1816లో మళ్లీ మనుషులతో వచ్చి పలకల బొమ్మలు గీయించాడు. ఆ రెండు రాకపోకల మధ్యే ఎంతో పోయింది. అప్పుడు గీసిన పలకల్లో కొన్ని ఇప్పుడు ఎక్కడా లేవు, కాగితం మీదే ఉన్నాయి. తర్వాత 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వి మద్రాసుకి పంపాడు. అక్కడ ఏళ్ల తరబడి ఆరుబయట ఎండావానలకి పడి ఉన్నాయి. 1858లో లినేయస్ ట్రైప్ అనే కంపెనీ ఫొటోగ్రాఫర్ వాటిని వరసగా ఫొటోలు తీశాడు. మరుసటి ఏడాది వాటిలో చాలా భాగం లండన్ ఓడ ఎక్కాయి.

మీ ఫ్లాష్‌తో అమరావతి పలక తీస్తే ఉలి గాట్లు వెతకొద్దు. అంచులు చూడండి. గోడలో ఇమడ్చడానికి కొట్టేసిన అంచులు, వానకి అరిగిన ఉపరితలం, అవే దానికి జరిగింది చెప్తాయి.

గంటస్తంభం

అమరావతి సరే. హంపీ కూడా సున్నం కోసమేనా? ఉగ్రనరసింహుడిని కూడా మేడ కట్టడానికి కొట్టారా?

మంజీర

కాదు. 1565లో రాక్షసి తంగడి యుద్ధం ఓడిపోయాక విజయనగరాన్ని దోచి తగలబెట్టారు, దాన్ని ఎవరూ దాచడం లేదు. ఆ నరసింహుడు కృష్ణదేవరాయల కాలంలో, 1528లో ఒకే బండలో చెక్కింది. తొడ మీద కూర్చున్న లక్ష్మి లేదు. కానీ వెనక్కి వెళ్లి చూడండి, స్వామి నడుము చుట్టూ వేసిన ఆవిడ చెయ్యి ఇంకా ఉంది. నాగావళి గారు, మీ పక్క లైటుకి అంతకంటే మంచి చోటు లేదు. ముందు నుంచి తీసినవాళ్లకి ఆ చెయ్యి దొరకదు.

అయితే హంపీలో లేనిదంతా 1565లోనే పోయిందనుకోవడం సరికాదు. రాతిరథం ఉంది కదా, నోటు మీద కూడా చూస్తుంటాం. అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే సైన్యాధికారి 1856లో పెద్ద కాగితపు నెగటివ్‌ల మీద తీసిన ఫొటోలో ఆ రథం మీద ఇటుకల గోపురం ఉంది. అంటే యుద్ధం తర్వాత దాదాపు మూడు వందల ఏళ్లు నిలబడింది. పోయింది ఆ తర్వాత. ఫొటో లేకపోతే ఆ గోపురాన్నీ సుల్తానుల ఖాతాలో వేసేవాళ్లం.

విరిగిన ప్రతి ముక్కూ దాడి కాదు. ముక్కు, వేళ్లు, చేతిలో ఆయుధం, ఇవి బయటికి పొడుచుకొచ్చినవి. బొమ్మ పడితే ముందు అవే పోతాయి. కావాలని కొట్టిన చోట ఉలి మొన గుర్తులు గుంపుగా ఉంటాయి, అదీ కళ్లు, నోరు, పేరు లాంటి చోట్ల. దానంతటది విరిగితే ఒకే పగులు, తలం నున్నగానో గరుకుగానో ఒకే తీరులో ఉంటుంది. పక్క నుంచి లైటు వేస్తే ఈ రెండింటి తేడా తెలిసిపోతుంది. నాకు ఈ చర్చలో ఫ్లాష్ సంగతి నచ్చింది అందుకే. మా స్కూల్లో పిల్లలకి చెప్పడానికి పనికొచ్చే పరీక్ష ఇది.

గంటస్తంభం

పరీక్ష బాగానే ఉంది. అది చేసి చూస్తే ఎన్ని దాడులు తేలతాయో అదీ రాయండి మరి.

నిర్వాహకుడు

రాయి ఆధారంగా ఎవరు ఏది రాసినా ఉంచుతాను. ఇప్పుడున్న మనుషుల మీదికి వెళ్తే తీసేస్తాను. రెండు పోస్టులు తీసేశాను, ఎవరివో వాళ్లకి తెలుసు.

నాగావళి_ఒడ్డు

మంజీర మేడమ్, కళ్లు, పేరు అన్నారు. పేరు గీకేయడం గురించి ఇంకొంచెం చెప్తారా? బొమ్మల కంటే అదే నన్ను ఎక్కువ లాగుతోంది.

మంజీర

రోమ్ వెళ్తే ఫోరంలో సెప్టిమియస్ సెవెరస్ తోరణం చూడండి. 203లో కట్టింది. రోమ్ చక్రవర్తి సెవెరస్ పేరు, ఇద్దరు కొడుకుల పేర్లు కంచు అక్షరాలతో బిగించారు. తండ్రి పోయిన 211లోనే అన్న కారకల్లా తమ్ముడు గేటాని చంపించాడు. ఆ తర్వాత సామ్రాజ్యమంతటా గేటా పేరు చెరిపించాడు. తోరణం మీద నాలుగో వరసలో తమ్ముడి పేరు పీకేసి, ఆ ఖాళీలో పొగడ్త మాటలు నింపారు. పాత అక్షరాలు బిగించిన బెజ్జాలు మాత్రం అలాగే ఉన్నాయి. ఆ బెజ్జాలు కలిపి పాత వరస చదివేశారు పండితులు. బెర్లిన్ మ్యూజియంలో ఆ కుటుంబం బొమ్మ, చెక్క మీద రంగులతో వేసింది ఉంది. తల్లి, తండ్రి, ఒక కొడుకు చక్కగా ఉంటారు. ఇంకో కొడుకు ముఖం దగ్గర ఉత్త మరక.

ఈజిప్టులో హత్‌షెప్సుట్ రాణిది ఇంకా విచిత్రం. దెయిర్ ఎల్ బహ్రీ గుడి గోడల మీద ఆవిడ బొమ్మని ఆ ఆకారం మేరకే చెక్కేశారు. పక్కనున్న దేవుళ్ల జోలికి పోలేదు. దాంతో గోడ మీద రాణి ఆకారంలో గుంట మిగిలింది. ఎవరిని తీసేశారో ఆ గుంటే చెప్తోంది. ఆవిడ పోయాక దాదాపు ఇరవై ఏళ్లకి, సవతి కొడుకు మూడో తుత్‌మోస్ పాలన చివర్లో జరిగింది. సవతి తల్లి మీద పగ అనే కథ అందుకే నిలబడదు. పగవాడు అన్నేళ్లు ఆగడు.

బైజాంటియంలో (తూర్పు రోమన్ సామ్రాజ్యం) దేవుడి బొమ్మలు ఉండొచ్చా లేదా అన్న గొడవ 8వ శతాబ్దంలో మొదలై, మధ్యలో 787లో ఒకసారి ఆగి, మళ్లీ లేచి, 843లో గానీ చల్లారలేదు. గెలిచినవాళ్లు ఓడినవాళ్ల రాతలు తగలబెట్టారు కాబట్టి మనకి తెలిసిందంతా ఒక వైపు మాటే. ఆ 9వ శతాబ్దపు ప్రార్థన పుస్తకం ఒకటి మాస్కోలో ఉంది. అందులో ఒకడు పొడవాటి కర్రకి స్పాంజి కట్టి క్రీస్తు బొమ్మకి సున్నం పూస్తుంటాడు. బొమ్మని చెరపడం గురించి కూడా బొమ్మే గీశారు చూడండి.

మన దగ్గరికే వస్తే, 2011 మార్చి 10న ట్యాంక్‌బండ్ మీద విగ్రహాలు కూల్చారు. మిలియన్ మార్చ్ రోజు. ఇందులో చాలామందికి అది టీవీలో చూసిన సంగతే, చరిత్ర పాఠం కాదు.

స్ట్రోబ్_శీను

మేడమ్, ఆ రోజు మా ఇంట్లో ఏడ్చారండి. కవులు ఏం చేశారు పాపం?

మంజీర

శీను గారూ, ఏడ్చినవాళ్లని నేను కాదనను. ఆ వరసలో మా కవులు, మా వీరులు ఎంతమంది ఉన్నారని ఇక్కడ తెలంగాణలో అంతకుముందు నుంచీ అడుగుతూనే ఉన్నారు. ఎవరి బొమ్మ పెట్టారన్నది ఎంత రాజకీయమో, ఎవరిది పడగొట్టారన్నదీ అంతే. పారిస్‌లో 1793లో నోత్రదామ్ చర్చి ముందు 28 మంది రాజుల తలలు తీసేశారు. ఫ్రాన్సు రాజులని అనుకున్నారు. వాళ్లు బైబిల్లోని యూదా రాజులు. ఆ తలల్లో 21 తలలు 1977లో ఒక పాత భవనం ఆవరణలో దొరికాయి, క్లూనీ మ్యూజియంలో ఉన్నాయి. మనుషులు కోపంలో ఎవరిని కొడుతున్నారో కూడా చూసుకోరు.

ట్యాంక్‌బండ్ మీద మళ్లీ విగ్రహాలు పెట్టారు. వాటిని కొత్తవాటిలాగే చూస్తున్నాం.

నిర్వాహకుడు

ట్యాంక్‌బండ్ ఇంతటితో చాలు. ఇద్దరూ మర్యాదగా మాట్లాడారు, మూడో మనిషి వచ్చేలోపు ఆపుతున్నాను.

నాగావళి_ఒడ్డు

మ్యూజియాల సంగతి అడగాలి. ఎక్కడ చూసినా ఫ్లాష్ వద్దని బోర్డు. రాతికి ఫ్లాష్ వల్ల ఏమవుతుంది? నిజంగా పాడవుతుందా, లేక ఊరికే పెట్టిన రూలా?

తెరవెనక_లక్స్

మ్యూజియంలో పరిరక్షణ విభాగంలో పనిచేశాను, అందుకని చెప్తున్నా.

ఉత్త రాతికి ఫ్లాష్ కాంతి వల్ల ఏమీ కాదు. రంగు, కాగితం, బట్ట, తాళపత్రం, వీటికే కాంతి శత్రువు. వీటిని 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) దగ్గర ఉంచాలన్నది మామూలు లెక్క. ఇప్పుడు ఫ్లాష్ లెక్క చూడండి. ఐఎస్ఓ 100, ఎఫ్ 8 దగ్గర సరిగ్గా ఎక్స్‌పోజ్ అయ్యే ఒక ఫ్లాష్ సుమారు 160 లక్స్ సెకన్లు. అంటే ఆ 50 లక్స్ దీపం కింద మూడు నాలుగు సెకన్లు ఉంచినంత. ఐఎస్ఓ 800కి పెంచితే అందులో ఎనిమిదో వంతే.

మరి బోర్డు ఎందుకు? ఒకటి, మీరొక్కరే రారు. కాంతి చేసే హాని కలిసిపోతుంటుంది, చీకట్లో పెట్టి విశ్రాంతి ఇస్తే రంగు తిరిగి రాదు. రెండు, గదిలో ఏది రాయో ఏది రంగో వచ్చినవాళ్లు చూసుకోరు. రాతి మీద కూడా పాత రంగు జాడలు ఉండొచ్చు, ఇందాక క్లూనీ తలలు అన్నారే, వాటి మీదా ఉన్నాయి. మూడు, పక్కవాళ్ల కళ్లు. కాబట్టి వాదించకుండా ముందే రాతపూర్వకంగా అనుమతి అడగండి. పరిశోధనకి అని స్పష్టంగా రాస్తే ఇచ్చే చోట్లున్నాయి. పురావస్తు శాఖ కట్టడాల్లో కూడా స్టాండు పెట్టాలంటే అనుమతి కావాలి.

అజంతా, లేపాక్షి పైకప్పు బొమ్మలు లాంటి చోట ఫ్లాష్ మాటే ఎత్తొద్దు. ఐఎస్ఓ పెంచుకోండి, స్తంభానికి ఆనుకుని ఊపిరి బిగబట్టి తీయండి.

అజంతాకి అసలు దెబ్బ తగిలింది ప్రేమతో. 19వ శతాబ్దంలో నకలు తీసుకోవడానికి వచ్చినవాళ్లు రంగులు మెరవాలని వార్నిష్ పూశారు. 1920ల మొదట్లో నిజాం ప్రభుత్వం ఇటలీ నుంచి నిపుణులని రప్పిస్తే వాళ్లు లక్క పూశారు. అది తర్వాత పసుపెక్కింది, పగిలింది. నకళ్ల గతి ఇంకా ఘోరం. రాబర్ట్ గిల్ ఏళ్ల తరబడి వేసినవి చాలావరకు 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ మంటల్లో పోయాయి. ఆ తర్వాత బొంబాయి ఆర్ట్ స్కూలు గ్రిఫిత్స్ బృందం వేసినవాటిలో ఎన్నో 1885లో ఇంకో అగ్నిప్రమాదంలో కాలాయి. చివరికి నిజాం పురావస్తు శాఖ అధిపతి గులాం యజ్దానీ 1930 నుంచి ఫొటోలతో సంపుటాలు వేయించాడు.

పిక్సెల్_పంతులు

ఒకే లైటుతో ఒకే ఫొటో ఎందుకు తీస్తారు? ఆర్‌టీఐ చేయండి. సమాచార హక్కు కాదు, రిఫ్లెక్టెన్స్ ట్రాన్స్‌ఫర్మేషన్ ఇమేజింగ్!

కెమెరా ట్రైపాడ్ మీద కదలకుండా ఉండాలి. ఫ్లాష్‌ని రాయి చుట్టూ గొడుగు ఆకారంలో తిప్పుతూ ముప్పై నుంచి అరవై ఫొటోలు తీయండి. ఎత్తు 15 డిగ్రీల నుంచి 65 దాకా మార్చాలి. దూరం మారకూడదు, అందుకని ఫ్లాష్‌కి ఒక దారం కట్టి, ప్రతిసారీ దారం కొసని రాయి మధ్యకి తెచ్చి కొలిచి, దారం తప్పించి కొట్టాలి. దారం పొడవు రాయి మూల నుంచి మూలకి ఉన్న కొలతకి మూడింతలు ఉంటే మంచిది. ఫ్రేములో, రాయి పక్కన, నల్లటి మెరిసే గోళం ఒకటి పెట్టాలి. చిన్న రాళ్లకి నల్ల గాజు గోలీ చాలు. ఫొటోలో అది కనీసం 200 పిక్సెళ్ల వెడల్పు ఉండేలా చూసుకోండి. గోలీ మీద ఫ్లాష్ చుక్క ఎక్కడ మెరిసిందో చూసి, లైటు ఎటు నుంచి వచ్చిందో సాఫ్ట్‌వేర్ లెక్కగడుతుంది.

తర్వాత కంప్యూటర్‌లో మౌస్ కదుపుతూ ఎటు కావాలంటే అటు నుంచి లైటు వేసి చూడొచ్చు. రంగు తీసేసి ఉత్త గరుకుతనమే చూడొచ్చు. 2001లో హ్యూలెట్ ప్యాకార్డ్ ల్యాబుల్లో టామ్ మాల్జ్‌బెండర్ బృందం మొదలుపెట్టిన పద్ధతి ఇది. సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. అరిగిన శాసనాలు చదవడానికి చాలా చోట్ల వాడుతున్నారు.

పాతరీలు

అరవై ఫొటోలు! మా రోజుల్లో అది దాదాపు రెండు రీళ్లు. కానీ గోలీ ఉపాయం బాగుంది, ఒప్పుకోక తప్పదు.

నాగావళి_ఒడ్డు

గోలీ కొన్నాను. కొట్టువాడు నన్ను వింతగా చూశాడు. ఫ్లాష్ మూడు మీటర్లకి జరిపాక అంచు కాలడం ఆగింది, 1/2 పవర్, ఎఫ్ 8. మండపం ద్వారపాలకుడి ముఖం మీద రెండు రకాల దెబ్బలు కనపడుతున్నాయి. కన్ను దగ్గర మొనగాట్ల గుంపు, గడ్డం దగ్గర ఒకే పగులు. రెండూ ఒకేసారి జరిగాయా లేదా అన్నది నేనైతే చెప్పలేను.

ఒక ఫ్రెండ్ ఫొటో చూసి, ఏఐతో ముఖం పూర్తి చేసి ఇస్తానన్నాడు. చేయించాలా?

స్ట్రోబ్_శీను

పక్కన ఇంకో ఫొటోగా పెడితే తప్పేముంది? జనం చూస్తారు, షేర్ చేస్తారు. పెళ్లి ఆల్బమ్‌లో మేం చేయనిదా?

మంజీర

ఏ ముఖం వేస్తాడు? ఆఫ్ఘనిస్తాన్‌లోని బామియాన్ బుద్ధుల సంగతి చూడండి. 55 మీటర్లది ఒకటి, 38 మీటర్లది ఒకటి. 2001 మార్చిలో తాలిబాన్లు పేల్చేశారు. కానీ అంతకు చాలా శతాబ్దాల ముందు నుంచే ఆ ముఖాల పై భాగం లేదు. పెదవి పైనుంచి చదునుగా ఉండేది. జూరిక్ ఈటీహెచ్ విశ్వవిద్యాలయంలో పెద్ద బుద్ధుడిని కంప్యూటర్‌లో మళ్లీ నిలబెట్టినప్పుడు, 1970లో కోస్ట్కా అనే ఆస్ట్రియా ప్రొఫెసర్ కొలతల కోసం తీసిన ఫొటోలు వాడారు. అందులోనూ ముఖం లేకుండానే నిలబెట్టారు. ఉన్నంతవరకే చూపించారు.

మీ ద్వారపాలకుడికి ఏఐ పెట్టే ముఖం ఇంకెవరిదో అవుతుంది. పైగా మీరు తీసిందే ఆ దెబ్బని. దాన్ని పూడ్చేస్తే మూడు మీటర్లు వెనక్కి లాగిన ఫ్లాష్ ఎందుకు?

స్ట్రోబ్_శీను

సరే మేడమ్, మీ మాటే. తమ్ముడూ, కనీసం కాంట్రాస్ట్ కూడా పెంచకు మరి, అదీ లేని గాటుని ఉన్నట్టు చూపిస్తుంది. ఫ్లాష్ ఎటువైపు పెట్టావో, ఎంత దూరంలో పెట్టావో ఫొటో కింద రాయి. ఇంకెవరైనా వెళ్లి అదే కొలతలతో తీయగలగాలి. తెల్ల కాగితం మీద అంగుళాల స్కేలు గీసి ఫ్రేములో పెట్టినా సరే.

నాగావళి_ఒడ్డు

అలాగే అన్నా. ఏఐ లేదు, స్కేలు ఉంటుంది. దీపాలదిన్నె గారూ, అమరావతి పలకలు మొదలుపెట్టాలంటే లండన్ దాకా పోవాలా?

దీపాలదిన్నె

అక్కర్లేదు. చెన్నై ఎగ్మోర్ ప్రభుత్వ మ్యూజియంలో పెద్ద గ్యాలరీ ఉంది, అమరావతి ఊళ్లో పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. వెళ్లేముందు మెకంజీ గీయించిన బొమ్మల్లో కొన్ని ప్రింటు తీసుకుని వెళ్లండి. ఏ పలక అప్పుడు పూర్తిగా ఉండి ఇప్పుడు సగం ఉందో అక్కడే నిలబడి పోల్చుకోవచ్చు. ఫ్లాష్‌కి ఉత్తరం ముందే పంపండి. ఒకవేళ ఒప్పుకోకపోతే కిటికీ వెలుతురు పక్క నుంచి పడే పలకలు చూసుకుని, పొద్దుటి పూట తీయండి. ఎగ్మోర్‌కి శుక్రవారం మాత్రం వెళ్లకండి, సెలవు.